పాత పంప్ రైఫిల్, సెమీ ఆటో రైఫిల్ ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుందో కొనేముందే తేల్చుకోవడం ఎలా

థాంక్స్‌గివింగ్ దగ్గరపడే కొద్దీ పెన్సిల్వేనియా, న్యూయార్క్, మెయిన్ లాంటి రాష్ట్రాల్లో గన్ షాపుల నిండా పాత రైఫిళ్లు కనిపిస్తాయి. తాతలు వాడినవి, తండ్రులు వాడినవి, పిల్లలకి వేట మీద ఆసక్తి లేక అమ్మకానికి వచ్చినవి. బోల్ట్ యాక్షన్లు (పక్కనున్న పిడి ఎత్తి లాగి తూటా ఎక్కించేవి) పక్కన పెడితే వాటిలో ఎక్కువగా చేతికి వచ్చేవి నాలుగు రకాలు: రెమింగ్టన్ 760, దాని తర్వాత వచ్చిన 7600, ఇవి రెండూ పంప్‌లు, అంటే ముందు చెక్కని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేవి; రెమింగ్టన్ 742, బ్రౌనింగ్ బీఏఆర్, ఇవి రెండూ సెమీ ఆటోలు, అంటే పేలిన తూటా గ్యాస్ బలంతో తర్వాతిది దానంతటదే ఎక్కేవి. ఇక్కడ కొత్తగా జింకల వేట నేర్చుకుంటున్న మన తెలుగువాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఈ మోడల్ నమ్మొచ్చా?"

మోడల్ పేరు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం మీ చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్ చెప్పాలి. వేట రైఫిల్ అరిగిపోయేది కాల్చి కాల్చి కాదు. ఏడాదికి ఒక పెట్టె తూటాలు, అంటే ఇరవై, చాలామంది అంతకంటే ఎక్కువ కాల్చరు. దాన్ని పాడుచేసేది నిర్లక్ష్యం: తడిసిన రైఫిల్‌ని అలాగే కేసులో పెట్టి పదకొండు నెలలు మర్చిపోవడం, జిగురైపోయిన నూనె, లోపల కనపడని తుప్పు. అందుకని "ఎన్ని తూటాలు కాల్చారు?" అని అమ్మేవాణ్ణి అడగడం కన్నా ఏ భాగం అరిగింది, ఆ భాగం మార్చగలిగేదేనా అని చూసుకోవడం ముఖ్యం. స్ప్రింగ్ పోతే కొత్తది వేస్తారు. రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే మధ్య భాగం) లోపలి పట్టాలు పోతే రైఫిల్ పోయినట్టే. కింద చెప్పేదంతా ఈ తేడా పట్టుకోవడం గురించే.

ముందు చట్టం సంగతి

హెచ్‌-1బి, ఎఫ్‌-1, హెచ్‌-4 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండడం అందులో ఒకటి. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకోవడం కూడా "దగ్గర ఉంచుకోవడం" కిందికి రావొచ్చు కాబట్టి, షూటింగ్ రేంజ్‌కి వెళ్లేముందే లాయర్‌ని అడిగి స్పష్టం చేసుకోండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ఒక చిన్న పొరపాటుతో వీసా ప్రమాదంలో పడుతుంది, ఈ విషయంలో మొహమాటం వద్దు.

రెండోది, మీ రాష్ట్రం ఏ రైఫిల్‌తో దేన్ని వేటాడనిస్తుందో చూసుకోండి. పెన్సిల్వేనియాలో చిన్న జంతువులకి 2017 నుంచి సెమీ ఆటో రైఫిల్ అనుమతించారు గానీ జింకల లాంటి పెద్ద జంతువుల వేటకి అనుమతించలేదు. ఆ రాష్ట్రంలో పంప్ రైఫిల్‌కి అంత ఆదరణ ఉండడానికి పెద్ద కారణం ఇదే. రెండో తూటా త్వరగా కావాలి, సెమీ ఆటో కుదరదు, ఇక మిగిలింది పంప్. అక్కడ 760ని, ఆధునిక యంత్రాలకి దూరంగా బతికే ఆమిష్ క్రైస్తవుల పేరు మీద, "ఆమిష్ మెషిన్ గన్" అని పిలుస్తుంటారు కూడా. నియమాలు మారుతుంటాయి, కొనే ఏడాది వేట నియమాల పుస్తకం చూసుకునే డబ్బు కట్టండి.

మొదటి పని: చేతిలో ఉన్నది ఏ తరానిదో తెలుసుకోండి

రెమింగ్టన్ 760 గేమ్‌మాస్టర్ 1952లో వచ్చింది, 1981 దాకా తయారైంది. ఆ తర్వాతది 7600. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే ఇనుప ముక్క) వేరు: 760 బోల్ట్ తల మీద చిన్న చిన్న లగ్గులు (బోల్ట్‌ని లాక్ చేసే పళ్లు) వరసలుగా చాలా ఉంటాయి, 7600కి నాలుగే, పెద్దవి. సెమీ ఆటోల వరస కూడా ఇలాగే నడిచింది: 1955లో 740, 1960లో 742 వుడ్స్‌మాస్టర్, 1981లో 7400, 2006లో 750. 742కి చిన్న లగ్గులు, 7400కి నాలుగు పెద్దవి.

రెమింగ్టన్ బారెల్ ఎడమ వైపు, రిసీవర్‌కి దగ్గర్లో రెండు మూడు చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటిలో మొదటిది తయారైన నెల. ఇంగ్లీషులో "బ్లాక్ పౌడర్ ఎక్స్" అని కలిపి రాస్తే పన్నెండు అక్షరాలు వస్తాయి, అవే వరసగా జనవరి నుంచి డిసెంబర్ దాకా. రెండో అక్షరం సంవత్సరం, దానికి పట్టికలు దొరుకుతాయి. అయితే ఇది బారెల్ పుట్టిన తేదీ మాత్రమే, బారెల్ మార్చిన రైఫిల్ అయితే రిసీవర్ ఇంకా పాతది కావొచ్చు.

బ్రౌనింగ్ బీఏఆర్ వేట రైఫిల్ 1967లో వచ్చింది. ప్రపంచ యుద్ధాల నాటి అదే పేరున్న సైనిక తుపాకీకి దీనికి సంబంధం లేదు. 1993లో మార్క్ 2 వచ్చింది, అందులో గ్యాస్ ఏర్పాటు మార్చారు, బోల్ట్‌ని వదిలే మీట పెట్టారు. కొత్తవాళ్లకి రెండిట్లో ఏదని అడిగితే నేను మార్క్ 2 అనే చెబుతాను. పాతది చెడ్డదని కాదు, శుభ్రం చేసుకోవడం మార్క్ 2లో తేలిక.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. వించెస్టర్ మోడల్ 100 అని 1961 నుంచి 1973 దాకా తయారైన సెమీ ఆటో ఒకటుంది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. దాని ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే సూది) విరిగి, బోల్ట్ పూర్తిగా లాక్ కాకముందే పేలే ప్రమాదం ఉందని కంపెనీ రీకాల్ ఇచ్చింది. పిన్ మార్చినట్టు రుజువు లేకపోతే దాన్ని కాల్చకండి, ఒక్కసారి కూడా.

రెండో పని: వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి

చిన్న ఎల్ఈడీ టార్చి, డెంటిస్ట్ వాడే లాంటి చిన్న అద్దం, తెల్లటి కాటన్ గుడ్డ ముక్కలు, ఆ క్యాలిబర్‌కి (తూటా సైజుకి) సరిపోయే డమ్మీ తూటాలు, అంటే పేలనివి, నాలుగు. ఫోన్‌కి తగిలించే, గొట్టం లోపలికి చూసే బోర్ కెమెరా ఉంటే మరీ మంచిది, ఇప్పుడవి చవగ్గానే వస్తున్నాయి. డమ్మీలు వేసి చూస్తానని షాపువాణ్ణి ముందే అడగండి. వద్దన్నాడంటే, కనీసం అతన్నే వేసి చూపించమనండి. దానికీ ఒప్పుకోకపోతే బయటికొచ్చేయండి, రైఫిళ్లకేం కరువు లేదు.

చేతిలోకి తీసుకోగానే చేయాల్సింది మీకు తెలిసిందే, అయినా చెబుతాను: గొట్టం ఎవరి వైపూ లేకుండా, మ్యాగజైన్ ముందు తీసి, ఆ తర్వాత బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (పేలే తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూసి, వేలుతో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. షాపువాడు మీ ముందే చూసి ఇచ్చినా సరే, మళ్లీ మీరు చూడాల్సిందే.

మూడో పని: ఛాంబర్

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. సెమీ ఆటో "జామ్ అవుతోంది" అని జనం తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం తుప్పు పట్టిన ఛాంబర్. జరిగేదేంటంటే, మంచులో రోజంతా తిరిగిన రైఫిల్‌ని వెచ్చగా ఉన్న క్యాబిన్‌లోకి తీసుకొస్తారు, చల్లటి ఇనుము మీద చెమ్మ పట్టేస్తుంది, బయట తుడుస్తారు, లోపల ఛాంబర్‌ని ఎవరూ తుడవరు. ఏటా ఇదే. కొన్నేళ్లకి ఛాంబర్ గోడ మీద సూది మొనలంత గుంటలు పడతాయి. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి తొడుగు, అంటే కేసు, ఉబ్బి ఆ గుంటల్లోకి పట్టుకుంటుంది. బోల్ట్ వెనక్కి లాగుతుంది, కేసు రాదు. కేసుని పట్టి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, దాని అంచుని చింపుకుని జారిపోతుంది, ఖాళీ కేసు లోపలే మిగులుతుంది.

టార్చి వెలుతురు వంకరగా పడేలా పట్టుకుని చూడండి. ఛాంబర్ గోడ అద్దంలా మెరవాలి. మసకగా, గరుకుగా, నల్ల చుక్కలుగా కనిపిస్తే అది మురికా, గుంటా అని తేల్చాలి. సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం)తో తడిపిన గుడ్డ పెట్టి తిప్పితే మురికి వదులుతుంది, గుంట వదలదు. పైపై తుప్పు అయితే గన్ స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పాలిష్ చేసి సరిచేస్తాడు. లోతు గుంటలుంటే బారెల్ మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, లేకపోతే వదిలేయండి.

పంప్‌కి ఈ బాధ లేదనుకోకండి. నిజానికి ఇంకో రకంగా ఎక్కువే. బోల్ట్ యాక్షన్‌లో పిడి పైకెత్తేటప్పుడే ఒక మెలిక బలం వచ్చి, ఇరుక్కున్న కేసుని కదిలిస్తుంది. పంప్‌లో అంత బలం ఉండదు, నేరుగా వెనక్కి లాగే మీ చెయ్యే దిక్కు. ఛాంబర్ గరుకుగా ఉంటే ఎంత మంచి పంప్ అయినా బిగుసుకుపోతుంది.

నాలుగో పని: రిసీవర్ లోపలి పట్టాలు

742, 740 కొనాలనుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఈ రైఫిళ్లలో బోల్ట్ ముందుకీ వెనక్కీ వెళ్లేటప్పుడు దాని తల మీదున్న లగ్గులు రిసీవర్ లోపలి గోడకి చెక్కిన పట్టాల వెంట జారుతూ పోతాయి. లగ్గులు గట్టి ఉక్కు, పట్టాలు దానికంటే మెత్తన. ప్రతి తూటాకీ బోల్ట్ విసురుగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు తల కాస్త అటూ ఇటూ తిరగడానికి చూస్తుంది, లగ్గుల అంచులు పట్టాలని కొడతాయి. మొదట సన్నటి గీతలు. తర్వాత నొక్కులు. ఆ నొక్కులు లోతైతే బోల్ట్ తల వాటిలో చిక్కుకుంటుంది, సగం దారిలో ఆగిపోతుంది.

బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని, ఖాళీ కేసు బయటపడే కిటికీలోంచి టార్చి వేసి, ఎదురుగా కనిపించే గోడని, ముఖ్యంగా ముందు వైపు బారెల్ దగ్గరి భాగాన్ని చూడండి. నునుపుగా, ఒకే వెడల్పులో మెరిసే గీత ఉంటే అది మామూలు వాడకం. వరసగా పళ్లు దింపినట్టు, రంపం అంచులా నొక్కులు కనిపిస్తే, వేలిగోరు పెట్టి లాగితే టకటకా తగులుతుంటే, ఆ రైఫిల్ మీకొద్దు. వంద డాలర్లకిచ్చినా వద్దు.

ఎందుకంత కచ్చితంగా చెబుతున్నానంటే, ఆ పట్టాలు విడి భాగం కాదు, రిసీవర్‌లోనే చెక్కినవి. సీరియల్ నంబరు ఉన్నది రిసీవర్ మీదే, చట్టం దృష్టిలో తుపాకీ అంటే అదే. దాన్ని మార్చడమంటే వేరే తుపాకీ కొనడమే.

ఇంకో సంగతి కూడా తెలిసుండాలి. కొందరు అమ్మేవాళ్లు "హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి చూశాం, బాగుంది" అంటారు. హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్‌కీ, ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం. నిజమే కావొచ్చు. ఈ రైఫిళ్లలో బోల్ట్ లాక్ అయ్యేది బారెల్ వెనక భాగంలోకి, రిసీవర్ పట్టాలకి ఆ పేలుడు బలం మోయాల్సిన పనే లేదు. కాబట్టి పట్టాలు పూర్తిగా పోయిన 742 కూడా హెడ్‌స్పేస్ పరీక్షలో పాసవుతుంది. గేజ్ చెప్పేది భద్రత గురించి, మన్నిక గురించి కాదు.

7400లోనూ ఈ అరుగుదల చూస్తాం, పెద్ద లగ్గుల వల్ల తక్కువ. 760, 7600ల్లో బోల్ట్‌ని నడిపేది మనిషి చెయ్యి, వేగం తక్కువ కాబట్టి పట్టాలు చాలా చాలా నెమ్మదిగా అరుగుతాయి. అందుకే ఒకే కుటుంబంలో పుట్టిన 760 అంత పేరు తెచ్చుకుంది, 742 అంత అపకీర్తి మూటగట్టుకుంది. వెర్మాంట్‌లో మంచులో జింక అడుగుజాడలు పట్టి వెళ్లే లారీ బెన్వా కుటుంబం రెమింగ్టన్ పంప్‌లనే వాడి వాటికి ఈశాన్య అడవుల్లో ఒక గౌరవం తెచ్చిపెట్టింది. రోజంతా చలిలో, చెట్ల కింద మంచు మీద పడుతూ నడిచే వేటకి ఆ రైఫిల్ ఎందుకు సరిపోతుందో దాని లోపలికి చూస్తే అర్థమవుతుంది. దాన్ని నడపడానికి గ్యాస్ అక్కర్లేదు.

పంప్‌లో ప్రత్యేకంగా చూడాల్సినవి

ముందు చెక్క పట్టుకుని ఊపితే టకటకలాడుతుంది. కంగారుపడకండి, 760, 7600ల్లో కాస్త ఆట ఉండడం సహజం. చూడాల్సింది ఆ చెక్కని బోల్ట్‌కి కలిపే యాక్షన్ బార్లు. అవి వంగాయా, ఒకటి రిసీవర్ అంచుకి రాసుకుని మెరుస్తోందా, వెనక్కి లాగేటప్పుడు మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తోందా? నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి, రైఫిల్‌ని పక్కకి తిప్పి ఒకసారి పంప్ చేయండి. మూడుసార్లూ ఒకేలా అనిపించాలి.

తర్వాత, యాక్షన్ (తూటా ఎక్కించే యంత్రాంగం) మూసి, లాక్ మీట నొక్కకుండా, ట్రిగ్గర్ లాగకుండా చెక్కని వెనక్కి లాగండి. కదలకూడదు. కదిలిందంటే లాక్ అరిగింది. మీట నొక్కితే నున్నగా తెరుచుకోవాలి.

అడవిలో పంప్ "జామ్ అయింది" అని చెప్పే కథల్లో చాలావరకు రైఫిల్ తప్పు ఉండదు. జింకని చూసిన టెన్షన్‌లో చెక్కని చివరిదాకా లాగరు, ఖాళీ కేసు సగం బయటికొచ్చి నిలబడుతుంది. పాత యజమాని "అప్పుడప్పుడు పట్టేస్తుంది" అన్నాడని వదులుకోకండి, డమ్మీలతో గట్టిగా, చివరిదాకా లాగి మీరే చూడండి.

సెమీ ఆటోలో ప్రత్యేకంగా చూడాల్సినవి

సెమీ ఆటోని నడిపేది బారెల్‌లోని ఒక చిన్న రంధ్రంలోంచి పక్కకి మళ్లే గ్యాస్. ఆ దారిలో మసి పేరుకుంటే బోల్ట్‌కి బలం చాలదు, పూర్తిగా వెనక్కి వెళ్లదు. బీఏఆర్‌లో ముందు చెక్క తీస్తే గ్యాస్ సిలిండర్, పిస్టన్ కనిపిస్తాయి. కొనేముందు చెక్క తీయించి చూడటం మంచిది. పిస్టన్ మీద నల్లటి మసి గట్టిగా పెంకులా ఉంటే దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం. మసి సాల్వెంట్‌తో వదిలితే సమస్య కాదు, మసి కింద తుప్పు గుంటలుంటే సమస్య.

చెక్క తీసినప్పుడే ఇంకోటి చూడండి. 1960ల చివర, 1970ల మొదట్లో బ్రౌనింగ్ కొన్ని తుపాకులకి ఉప్పుతో ఆరబెట్టిన వాల్‌నట్ చెక్క వాడింది. ఆ ఉప్పు చెమ్మని లాగి, చెక్క ఆనుకున్న చోటల్లా ఇనుముని తినేసింది. ఆ కాలపు బ్రౌనింగ్ ఏదైనా సరే, వెనక బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక) స్క్రూ ఒకటి విప్పి చూడండి. స్క్రూ మర నిండా ఎర్రటి తుప్పు ఉంటే చెక్క కింద కూడా అదే ఉంటుంది.

బోల్ట్‌ని చేత్తో నెమ్మదిగా ముందుకి వదలకండి, వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేయండి. స్ప్రింగ్ బలంతో దానంతటదే పూర్తిగా మూసుకోవాలి. ఆఖరి పావు అంగుళం దగ్గర ఆగితే స్ప్రింగ్ బలహీనపడింది లేదా నూనె జిగురైంది. రెండూ చవగ్గా బాగయ్యేవే. వేట రోజు పొద్దున్నే శబ్దం రాకూడదని బోల్ట్‌ని మెల్లగా మూసే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా మూసినప్పుడు బోల్ట్ పూర్తిగా లాక్ కాక, జింక ఎదురుగా నిలబడ్డాక "క్లిక్" మని ఊరుకుంటుంది. దానికీ రైఫిల్‌నే తిడతారు.

సేఫ్టీ పరీక్ష: ఖాళీ అని మళ్లీ చూసుకుని, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ లాగి వదిలి, సేఫ్టీ తీయండి. అప్పుడు దానంతటది "టక్" మన్నదంటే ఆ ట్రిగ్గర్ గన్ స్మిత్ దగ్గరికి వెళ్లాలి. పంప్‌కీ ఇదే పరీక్ష.

మ్యాగజైన్, బారెల్ మూతి

మ్యాగజైన్ పెదవులు వంగినా, పగిలినా తూటా వంకరగా లేచి ఇరుక్కుంటుంది. రెమింగ్టన్ పంప్ మ్యాగజైన్, సెమీ ఆటో మ్యాగజైన్ బయటికి ఒకేలా ఉంటాయి గానీ ఒకటి కావు, ఒకదానిది ఇంకోదానిలో పెట్టి అమ్మేవాళ్లున్నారు. మీద ఏముందో చదవండి. వేరే కంపెనీలు చేసిన చవక మ్యాగజైన్ కన్నా వాడిన అసలుది నయం. బీఏఆర్‌లో మ్యాగజైన్ కింద తలుపులా తెరుచుకునే మూతకి తగిలి ఉంటుంది, ఆ మూత గట్టిగా లాక్ అవుతోందో లేదో చూసుకోండి.

ఈ రైఫిళ్లన్నిట్లో వెనక వైపు నుంచి రాడ్ పెట్టి శుభ్రం చేయడం కుదరదు, జనం మూతి వైపు నుంచే రాడ్ దూరుస్తారు. గైడ్ లేకుండా ఏళ్ల తరబడి అలా రాస్తే మూతి అంచు ఒక పక్క అరిగి, గుండ్రం పోయి, గురి చెదిరిపోతుంది. అద్దంలో చూసినా, టార్చి వేసినా ఆ అంచు చుట్టూ ఒకేలా పదునుగా ఉండాలి. అరిగితే మళ్లీ కోయించొచ్చు, పెద్ద ఖర్చేం కాదు.

విడి భాగాలు దొరుకుతాయా?

రెమింగ్టన్ కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని దాని పాత ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. అందుకని పాత రెమింగ్టన్ కొనేవాళ్లు ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగులు, ఫైరింగ్ పిన్, అదనపు మ్యాగజైన్ ఎక్కడ దొరుకుతాయో ముందే వెతికి, వీలైతే రైఫిల్‌తో పాటే కొని పెట్టుకోవాలి. 742 బోల్ట్ కోసం వెతకాల్సి వస్తే మాత్రం ఆ రైఫిల్‌నే వదిలేయమంటాను. బ్రౌనింగ్ ఇంకా బీఏఆర్‌లు తయారుచేస్తోంది కాబట్టి అక్కడ కాస్త నిశ్చింత. అయినా 1967 నాటి దానికి ఇవాళ్టి భాగం సరిపోతుందని అనుకోవద్దు, ఆ మొదటి రకానికి (మార్క్ 1కి), మార్క్ 2కి తేడా ఉంది.

మీ ఊళ్లో ఈ రైఫిళ్లు విప్పిన అనుభవం ఉన్న గన్ స్మిత్ ఉన్నాడా అని కూడా కనుక్కోండి. నన్నడిగితే, దగ్గర్లో మంచి గన్ స్మిత్ ఉంటే రైఫిల్ ధరలో వంద డాలర్లు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

కొన్నాక: రేంజ్‌లో అసలు పరీక్ష

ముందు రైఫిల్ పూర్తిగా శుభ్రం చేయించండి, పాత జిగురు నూనెతో పరీక్షిస్తే ఫలితం అబద్ధం చెబుతుంది. కళ్లకి అద్దాలు, చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. కనీసం రెండు పెట్టెలు, రెండు వేర్వేరు కంపెనీల ఫ్యాక్టరీ తూటాలు. మొదటి షాట్‌కి ఒక్క తూటానే వేయండి. అది బాగుంటే రెండు. సెమీ ఆటోలో ఒక్కసారి ట్రిగ్గర్ లాగితే రెండు పేలే లోపం ఉంటే అది రెండు తూటాల దగ్గరే బయటపడాలి, నిండు మ్యాగజైన్‌తో కాదు. అలా జరిగితే వెంటనే ఆపి, ఖాళీ చేసి, ఇంటికి పట్టుకెళ్లండి.

ఖాళీ కేసులు పారేయకండి, వరసగా పెట్టుకుని చూడండి, సంగతంతా అవే చెబుతాయి. అంచు దగ్గర చిరిగినట్టు, గోకినట్టు ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ బలవంతంగా లాగుతోంది, ఛాంబర్ సంగతి మళ్లీ చూడాలి. ఒంటి మీద పొడవునా గరుకు గీతలు, చుక్కలు ఉంటే ఛాంబర్ గుంటలు ముద్ర వేస్తున్నాయి. ప్రైమర్ (కేసు అడుగున పిన్ కొట్టే చిన్న నిప్పు ముక్క) మీద దెబ్బ లోతు లేకుండా ఉంటే బోల్ట్ లోపల నూనె గడ్డకట్టింది లేదా పిన్ స్ప్రింగ్ అలసిపోయింది. కేసు అడుగుకి కాస్త పైన చుట్టూ తళతళలాడే గీత కనిపిస్తే, పేపర్ క్లిప్ కొన వంచి కేసు లోపల అదే ఎత్తులో గోకి చూడండి. లోపల గాడిలా తగిలిందంటే అక్కడ ఇత్తడి సాగి పలచబడింది, కేసు విడిపోయే ప్రమాదం ఉంది, హెడ్‌స్పేస్ గేజ్ పెట్టించేదాకా కాల్చొద్దు.

ఏదైనా ఆగిపోతే ఏ తూటాకి, ఎలా ఆగిందో రాసుకోండి. ఖాళీది బయటికి రాకపోవడం, కొత్తది లోపలికి వెళ్లకపోవడం, పేలకపోవడం: మూడూ వేర్వేరు జబ్బులు. మొదటిది ఛాంబర్ వైపు, రెండోది మ్యాగజైన్, గ్యాస్ వైపు, మూడోది ఫైరింగ్ పిన్ వైపు చూపిస్తాయి. అన్నీ కలిపి "జామ్" అని ఒకే మాట అనేస్తే గన్ స్మిత్‌కి కూడా దారి దొరకదు.

సెమీ ఆటోకి చేత్తో నింపిన తూటాలు వాడాలనుకుంటే ఒక హెచ్చరిక. నెమ్మదిగా మండే పౌడర్ ఎక్కువ వేస్తే గ్యాస్ రంధ్రం దగ్గర ఒత్తిడి పెరిగి బోల్ట్ మరీ విసురుగా వెనక్కి కొడుతుంది. ఫ్యాక్టరీ తూటాలతో ముప్ఫై ఏళ్లు బతకాల్సిన పట్టాలు త్వరగా పోతాయి. పంప్‌కి ఇది వర్తించదు, కానీ రెండిటికీ కాల్చిన కేసుని మళ్లీ దాని అసలు కొలతకి పూర్తిగా తెచ్చాకే నింపాలి.

ఇక మీ చేతుల్లో

వేట నుంచి రాగానే రైఫిల్‌ని వెచ్చటి గదిలోకి నేరుగా తేకండి. ఖాళీ చేసి, కేసులోనే ఉంచి, కేసు నెమ్మదిగా గది వేడికి వచ్చాక తెరవండి, లేదా ఆ రాత్రికి చల్లటి చోటే తాళం వేసి ఉంచండి. తెరిచాక ముందు ఛాంబర్ తుడవండి, ఆ తర్వాతే బయట. దీనికోసం పొట్టి, వంగే పిడి ఉన్న ఛాంబర్ బ్రష్ అమ్ముతారు, కొన్న రోజే తెచ్చుకోండి. సున్నా డిగ్రీల కింద తిరిగేవాళ్లు బోల్ట్‌కి నూనె దాదాపు లేనట్టే, పల్చగా రాయాలి. డబ్ల్యూడీ-40 కొట్టి పెట్టేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది ఆరిపోయి బంకలా మారుతుంది, ఫైరింగ్ పిన్ దగ్గర అదే పెద్ద శత్రువు. సీజన్ అయ్యాక రైఫిల్‌ని ఫోమ్ ఉన్న కేసులో వదలకండి, ఫోమ్ చెమ్మని పట్టి ఉంచుతుంది. సేఫ్‌లో నిలబెట్టి, చెమ్మ పీల్చే పొట్లం ఒకటి పక్కన పెట్టి, నెలకోసారి తలుపు తీసినప్పుడు ఛాంబర్‌లోకి ఒక్కసారి టార్చి వేసి చూడండి.